శ్రీకాకుళం, విజయనగరంలో పుప్పొడి ఎప్పుడు ఎక్కువుంటుందో మనమే అంచనా వేసుకోవటం ఎలా

ఫోన్లో వెదర్ యాప్ తెరిస్తే ఎండ, వాన, గాలి కింద ఈ మధ్య పోలెన్ అని ఒక గడి కూడా వస్తోంది, తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని, కొన్నిట్లో ఐదుకి ఎంత అని నంబర్ కూడా ఉంటుంది. ఆస్తమా ఉన్న పిల్లలున్న ఇళ్ళల్లో, పొద్దున్నే పది తుమ్ములు తుమ్మితే గాని లేవని వాళ్ళున్న ఇళ్ళల్లో ఆ గడి చూసి మాత్ర వేసుకోవాలా, గ్రౌండుకి పంపాలా అని నిర్ణయాలు తీసేసుకుంటున్నారు, అందుకే ఇది రాస్తున్నాను. ఆ నంబర్ ఎక్కడ నుంచి వస్తుందో ముందు తెలుసుకుంటే దాన్ని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది, తరవాత మన వీధికి సరిపడా అంచనా మనమే వేసుకోవచ్చు, పెద్ద కష్టం కాదు, ఒక నోట్‌బుక్కు, రోజుకి ఐదు నిమిషాలు, ఒక ఏడాది ఓపిక కావాలి అంతే.

మన జిల్లాల నుంచి కెనడా వెళ్ళిన పిల్లలు కాల్గరీ, ఎడ్మంటన్, విన్నిపెగ్ లాంటి ఊళ్ళల్లో చాలామందే ఉన్నారు, అవన్నీ ప్రెయిరీ ఊళ్ళు, అంటే చుట్టూ కనుచూపు మేర గడ్డి మైదానాలు, గోధుమ చేలు. అక్కడ పుప్పొడి లెక్క చూసే పద్ధతి వేరు. మేడ మీద ఒక యంత్రం పెడతారు, జిగురు రాసిన సన్నటి కడ్డీలు గిర్రున తిరుగుతూ గాల్లో ఉన్న రేణువుల్ని పట్టుకుంటాయి, వాటిని ల్యాబులో మైక్రోస్కోపు కింద పెట్టి ఏ చెట్టువి ఎన్ని ఉన్నాయో మనిషి కూర్చుని లెక్కపెడతాడు, క్యూబిక్ మీటరు గాలికి ఇన్ని పుప్పొడి గింజలు అని చెప్తారు. ఆ లెక్కకి గడిచిన ఏళ్ళ లెక్కలు, రేపటి వాతావరణం కలిపి ఫోర్‌కాస్ట్ ఇస్తారు. పైగా అక్కడ సీజన్ గీత గీసినట్టు ఉంటుంది, మంచు కరిగాక ఏప్రిల్లో పోప్లర్, ఎల్మ్ చెట్లు, మేలో బర్చ్, జూన్ జూలైల్లో గడ్డి, ఆగస్టు నుంచి కలుపు మొక్కలు, ఆ తరవాత గట్టిగా మంచు పడిందంటే ఆ ఏటికి కథ అయిపోయినట్టే.

మనకి ఆ మంచూ లేదు, ఆ యంత్రమూ లేదు. మన రెండు జిల్లాల్లో రోజూ లెక్కపెట్టి జనానికి చెప్పే కేంద్రం లేదు కాబట్టి యాప్ చూపించేది లెక్క కాదు, అంచనా. ఉపగ్రహాలు చూపించే పచ్చదనం, ఆ ప్రాంతంలో ఏయే జాతి చెట్లు ఉంటాయన్న మ్యాపు, గాలి, వాన, వేడి ఇవన్నీ కంప్యూటర్ మోడల్లో వేసి తీసిన నంబర్ అది. మొత్తం మీద సీజన్ పెరుగుతోందా తగ్గుతోందా అన్నంత వరకు పనికొస్తుంది గానీ మీ ఇంటి వెనక ఖాళీ లేఅవుట్లో వయ్యారిభామ (పార్థీనియం అనే కలుపు మొక్క) నడుము ఎత్తున పెరిగి పూసిందని దానికి తెలీదు కదండి.

ఇంకో మాట, ఏక్యూఐ (గాలి కాలుష్యం ఎంతుందో చెప్పే సూచీ) బాగుంది కదా అని పుప్పొడి కూడా లేదనుకోవద్దు. ఏక్యూఐలో లెక్కేసే పీఎం 10 అంటే 10 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంతకంటే చిన్న రేణువులు. పుప్పొడి గింజలు ఎక్కువ శాతం దానికంటే పెద్దవి, గడ్డి పుప్పొడి అయితే సుమారు 30 మైక్రాన్లు పైనే ఉంటుంది. అందుకే గాలి శుభ్రంగా ఉందని ఆకుపచ్చ రంగు చూపించిన రోజు కూడా మీ ముక్కు ధారాపాతంగా కారొచ్చు, అది మీ భ్రమ కాదు.

మొదటి పని: ఇంటి చుట్టూ ఏముందో చూడటం

ఒక ఆదివారం పొద్దున్న ఇంటి నుంచి నాలుగు వైపులా ఓ కిలోమీటరు నడిచి ఏ చెట్లున్నాయో, ఏ కలుపు ఉందో రాసుకోండి. పేరు తెలియనివి ఫోటో తీసి ఊళ్ళో పెద్దవాళ్ళని అడగండి, పొలం పని చేసిన వాళ్ళకి తెలియని మొక్క ఉండదు. ఇక్కడ ఒక సూత్రం గుర్తుంచుకోవాలి, కంటికి ఇంపుగా, రంగురంగులుగా, తీపి వాసనతో ఉన్న పువ్వు చాలావరకు తేనెటీగల కోసం పూసినది, దాని పుప్పొడి బరువుగా జిగటగా ఉంటుంది, దూరం ఎగరదు. అనుమానించాల్సింది ఎవరూ పువ్వని కూడా అనుకోని వాటిని, గడ్డి వెన్నులు, సరుగుడు చెట్టు కొసల్లో గోధుమరంగు పోగులు, ముళ్ళ తోటకూర కంకి, ఆముదం గెల, పోతుతాటి పూత. ఇవి గాలిని నమ్ముకుని బతికేవి, అందుకే విపరీతంగా పుప్పొడి వదుల్తాయి.

జనం ఎక్కువగా తిట్టేది బూరుగు దూదిని, వేసవిలో కాయ పగిలి దూది ఎగురుతుంటే అదే ముక్కులో దూరి తుమ్ములొస్తున్నాయి అంటారు. శరత్కాలంలో నాగావళి, వంశధార ఒడ్డున రెల్లు తెల్లగా ఊగుతుంటే దాన్నీ అంటారు. బూరుగు దూదిలో ఉండేది విత్తనాలు, రెల్లు నుంచి విడిపోయి ఎగిరే తెల్లటి నూగూ విత్తనాలదే, పుప్పొడి కాదు. విచిత్రం ఏటంటే కాల్గరీలో కూడా ఇదే గొడవ, జూన్‌లో పోప్లర్ చెట్ల దూది మంచులాగా రోడ్ల మీద పడుతుంటే అందరూ దాన్ని అంటారు, నిజానికి అదే రోజుల్లో కంటికి కనపడకుండా గడ్డి పుప్పొడి దంచేస్తుంటుంది. కంటికి కనపడేదాన్ని పట్టుకుంటే అసలుది తప్పించుకుపోతుంది.

మన నేలకి ఒక మోటు క్యాలెండర్ ఇస్తాను, దీన్ని మీ ఊరికి మీరు సరిచేసుకోవాలి. రథసప్తమికి అరసవల్లిలో జనం కిటకిటలాడే రోజుల నుంచి ఉగాది దాకా చెట్ల కాలం. ఈత, తాటి, నెమలినార, సరుగుడు, ఆఖర్న వేప. తాటి గురించి ఒకటి, ఎండలు ముదిరాక ముంజలు తింటామంటే పోతుచెట్లు అంతకు ముందే పూసి పుప్పొడి వదిలేసి ఉంటాయని లెక్క. భీమిలి నుంచి పైకి సోంపేట దాకా తీరం వెంట సరుగుడు తోటలు ఎక్కువ కదా, ఆ చెట్టు మన దక్షిణాదిలో ఏడాదికి రెండు విడతలు పూస్తుంది, ఒకటి ఎండాకాలం ముందు, ఒకటి వానలు తగ్గేటప్పుడు. ఉద్దానం వాళ్ళకి కొబ్బరి ఉండనే ఉంది, దానికి సీజన్ లేదు, ఏడాది పొడుగునా గెలలు వేస్తూనే ఉంటుంది. 2018 తిత్లీ తుఫానుకి కవిటి, సోంపేట, పలాస వైపు తోటలు పడిపోయాక మళ్ళీ నాటినవి ఇప్పుడు ఎదిగొస్తున్నాయి, కాబట్టి ఆ ఊళ్ళల్లో పదేళ్ళ కిందటి అనుభవం ఇప్పుడు అచ్చంగా సరిపోదు. జీడిమామిడి, మామిడి పూతని మరీ భయపడక్కర్లేదు, అవి ఎక్కువగా పురుగుల మీద ఆధారపడేవి, తోటలో పనిచేసే వాళ్ళు, తోట పక్కనే ఇల్లున్న వాళ్ళు చూసుకుంటే చాలు.

జూన్‌లో వానలు పడ్డాక చెట్ల సంగతి తగ్గి గడ్డి, కలుపు పెరగటం మొదలవుతుంది, పెరిగేటప్పుడు ఏం కాదు, అసలు బాధ వానలు తెరిపిచ్చాక. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా, అంటే వినాయక చవితి వెళ్ళి విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం జరిగి కార్తీకమాసం దాకా, గడ్డి వెన్నులు తీస్తుంది, వయ్యారిభామ తెల్లగా పూస్తుంది, ముళ్ళ తోటకూర, ఆముదం, అన్నీ కలిసి వస్తాయి. నన్నడిగితే మన ప్రాంతంలో అలర్జీ మనుషులు క్యాలెండర్లో ఎర్ర పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవాల్సింది ఈ మూడు నెలలే. వరి కూడా అప్పుడే ఈనుతుంది, వరి పువ్వు పొద్దున్న తొమ్మిది పది నుంచి మధ్యాహ్నం లోపల విచ్చుకుని మూసుకుపోతుంది, చేను గట్టు మీద ఇల్లున్న వాళ్ళు ఆ వేళ గమనించుకోండి.

ఇదే కాలంలో ఏడాకుల పాల చెట్టు కూడా పూస్తుంది, సాయంత్రం దాటాక ఘాటు వాసన, విశాఖలో దీని మీద జనం గట్టిగానే ఫిర్యాదులు చేశారు. ఆ వాసనకే కొందరికి తలనొప్పి, ఊపిరి బిగిసినట్టు ఉంటుంది, ఆ బాధ నిజమే, కాకపోతే అది వాసన వల్ల వచ్చేది, పుప్పొడి లెక్కలో కలిపేయకుండా డైరీలో విడిగా రాసుకోండి. రోడ్ల మధ్యలో పచ్చగా నిటారుగా పెంచిన కోనోకార్పస్ మొక్కలుంటే వాటి పేరు కూడా జాబితాలో పెట్టండి, గుజరాత్ ప్రభుత్వం 2023లో వాటిని నాటటం నిషేధించింది, కారణాల్లో అలర్జీ కూడా ఒకటి.

డైరీ ఎలా రాయాలంటే

రోజుకి ఒక లైను. తేదీ, తుమ్ములు ముక్కు ఎలా ఉంది (సున్నా నుంచి మూడు దాకా మార్కు), కళ్ళ దురదకి ఒక మార్కు, ఆయాసం పిల్లికూతలకి ఒక మార్కు, ఆ రోజు ఏ మాత్ర వేశారు, వాన పడిందా, గాలి ఎటు నుంచి, చుట్టుపక్కల ఏది పూసి ఉంది, ఎక్కడ తిరిగారు. మాత్ర సంగతి తప్పకుండా రాయాలి, ఎందుకంటే సిట్రిజన్ లాంటి అలర్జీ మాత్ర వేసుకున్న రోజు మార్కు తక్కువ వస్తుంది, అది చూసి గాలి బాగుందనుకుంటే అంచనా అంతా తారుమారవుతుంది.

ఎక్కడ తిరిగారు అన్నది ఎందుకంటే మన దగ్గర ముక్కు కారటానికి పుప్పొడి ఒక్కటే కారణం కాదు. గోగునార, జనపనార దుమ్ము, రైసు మిల్లు ఊక, నవంబరు నుంచి సంక్రాంతి దాకా నూర్పిళ్ళ దుమ్ము, దాన్తో పాటు గడ్డివాముల్లో ఉండే బూజు, పలాస వైపు జీడిపిక్కలు కాల్చే పొగ, ఇవన్నీ దేనికదే. వానాకాలంలో గోడలు చెమ్మెక్కి వచ్చే బూజు వేరు, పరుపుల్లో దిండ్లలో ఉండే కంటికి కనపడని పురుగులు వేరు, తీరప్రాంతం తేమకి అవి బాగా బతుకుతాయి. సీజన్‌తో సంబంధం లేకుండా ఏడాదంతా పొద్దున్న మంచం మీదే తుమ్ములొస్తుంటే ముందు పరుపుని అనుమానించండి. జ్వరం, ఒళ్ళునొప్పులు, చీమిడి చిక్కగా పచ్చగా ఉంటే అది మామూలు రొంప, నీళ్ళలాగా కారుతూ ముక్కు, కళ్ళు, అంగిలి దురద పెడుతుంటే అలర్జీ వైపు చూడాలి.

ఓపికున్న వాళ్ళకి: గాజు స్లైడు పద్ధతి

ఇది స్కూలు సైన్సు మాస్టార్లు, ఇంటర్ బైపీసీ పిల్లలు తప్పకుండా చెయ్యాలని నా కోరిక, పిల్లలు తమ ఊరి గాలిని తమ కళ్ళతో చూస్తారు. గాజు స్లైడు మీద వేజలీన్ పల్చగా, పొర కనపడీ కనపడనంతగా రాయండి. మేడ మీద చెట్టు కొమ్మలకి దూరంగా, పిట్టగోడ కంటే ఎత్తున ఒక స్టాండు పెట్టి దాని మీద స్లైడుని పడుకోబెట్టండి, పైన ఒక పాత స్టీలు పళ్ళెం, కింద ఒకటి, మధ్యలో మూడంగుళాల సందు ఉండేట్టు బిగించండి. వాన పడదు, గాలి ఆడుతుంది. 1946లో డర్హమ్ అనే ఆయన రూపొందించిన సాధనం ఇంచుమించు ఇదే, అలర్జీ డాక్టర్లు దశాబ్దాల పాటు దాన్తోనే పని నడిపారు. ఇరవై నాలుగు గంటలయ్యాక, రోజూ ఒకే టైముకి తీసి, గ్లిజరిన్లో కలిపిన సఫ్రానిన్ అనే ఎర్ర రంగు ఒక చుక్క వేసి కవర్ స్లిప్పు (పల్చటి గాజు ముక్క) పెడితే పుప్పొడి ఎర్రగా రంగెక్కుతుంది, దుమ్ము చాలావరకు ఎక్కదు. కాలేజీ ల్యాబులో మైక్రోస్కోపు ఉంటే సరే, లేదంటే కాగితంతో చేసిన ఫోల్డ్‌స్కోప్ సుమారు 140 రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది, దాన్ని ఫోన్ కెమెరాకి తగిలించి ఫోటో కూడా తీయొచ్చు.

లెక్కపెట్టే ముందు కంటికి అలవాటు చేసుకోవాలి. ముందు మందారం పుప్పొడి పెట్టి చూడండి, పెద్దగా గుండ్రంగా ఒంటినిండా ముళ్ళతో ఉంటుంది, ఎవరైనా గుర్తుపడతారు. తరవాత మీ జాబితాలో ఉన్న ఒక్కో మొక్క పుప్పొడి నేరుగా తెచ్చి స్లైడ్ చేసి ఫోటోలు దాచుకోండి, అదే మీ ఆల్బమ్. గడ్డిది నున్నగా గుండ్రంగా ఒకే ఒక్క రంధ్రంతో, సరుగుడుది మూడు మూలల్లో మూడు రంధ్రాలతో, తుమ్మ జాతిది చాలావరకు 16 గింజలు ఒకే ముద్దగా అతుక్కుని, వయ్యారిభామది చిన్నగా ముళ్ళబంతిలా, కొబ్బరిది పడవ ఆకారంలో ఒక పొడుగు గాడితో. గడ్డి జాతుల్లో ఏ గడ్డిదో ఈ మైక్రోస్కోపుతో విడదీయలేం, అన్నీ కలిపి గడ్డి అని రాసుకుంటే చాలు. ఒక చదరపు సెంటీమీటరులో ఎన్నున్నాయో రాయండి. ఈ లెక్కని కెనడా వాళ్ళ క్యూబిక్ మీటరు లెక్కతో పోల్చకూడదు, వాళ్ళది పీల్చిన గాలి లెక్క, మనది రాలి పడిన లెక్క, మన నిన్నటి స్లైడుతో మన ఇవాల్టి స్లైడు పోల్చుకోవాలి. రోజూ కుదరకపోతే వారానికి రెండుసార్లు చేసినా సీజన్ ఎక్కటం దిగటం కనపడుతుంది.

రేపటి అంచనా వేయటం

సాయంత్రం ఒకసారి నాలుగు ప్రశ్నలు వేసుకోండి. నా జాబితాలో ఏది పూత మీద ఉంది? వాన ఎప్పుడు పడింది? రేపు గాలి ఎటు నుంచి, ఎంత జోరుగా? ఉరుముల వాన సూచన ఉందా?

మొదటిదానికి సమాధానం ఏదీ పూయలేదు అయితే మిగతావి చూడక్కర్లేదు, తక్కువ అని రాసేసుకోండి. పూత ఉంటే వాన సంగతి చూడాలి. గంటసేపు నిదానంగా పడిన వాన గాలిని కడిగేస్తుంది, ఆ రోజు హాయిగా ఉంటుంది, కానీ ఆ తరవాత వచ్చే మొదటి పొడి ఎండ రోజు, అందులో గాలి కూడా ఉంటే, ఆగిన పుప్పొడి అంతా ఒకేసారి లేస్తుంది, మనవాళ్ళు దెబ్బ తినేది ఆ రోజే, నిన్న బాగానే ఉన్నాను కదా అని ధీమాగా తిరిగేస్తారు. వరసగా వారం పది రోజులు ముసురు పట్టి గుడ్డలు ఆరకపోతే పుప్పొడి తగ్గుతుంది గానీ బూజు పెరుగుతుంది, అది ఇంకో ఖాతా.

గాలి కోసం వాతావరణ శాఖ మౌసమ్ యాప్ చూడండి, కళింగపట్నంలో వాళ్ళ అబ్జర్వేటరీ ఉంది కాబట్టి తీరం వైపు వాళ్ళకి దగ్గర సమాచారమే దొరుకుతుంది, గంట గంటకి గాలి దిశ కావాలంటే విండీ యాప్ బాగుంటుంది. మన తీరానికి ఒక వరం ఉంది, మధ్యాహ్నం సముద్రం గాలి. నీళ్ళ మీద నుంచి వచ్చే గాలిలో పుప్పొడి చాలా తక్కువ, కాబట్టి సముద్రం గాలి గట్టిగా తిరిగాక పరిస్థితి తేలికవుతుంది, తీరానికి దూరమయ్యే కొద్దీ ఆ గాలి ఆలస్యంగా, నీరసంగా వస్తుంది, సాలూరు, పార్వతీపురం దాకా దాన్ని నమ్ముకోలేం. సరుగుడు పూసే రోజుల్లో మాత్రం ఒడ్డునున్న ఊళ్ళకి ఇదే గాలి తోట పుప్పొడిని మోసుకొస్తుంది, అందుకే గాలి ఎటు నుంచి అన్న ప్రశ్నకి మీ జాబితా మ్యాపు పక్కన పెట్టుకునే సమాధానం చెప్పాలి.

ఒక రోజుకి వేసి చూపిస్తాను. సిరిమానోత్సవం అయిన వారం, విజయనగరంలో ఊరి చివర కొత్త లేఅవుట్ పక్కన ఇల్లు, వయ్యారిభామ, గడ్డి రెండూ పూత మీద, రెండు రోజుల కిందట వాన, రేపు ఎండ, పొద్దున్న పడమటి గాలి, లేఅవుట్ ఇంటికి పడమరనే ఉంది. మంచు తడి ఆరాక ఎనిమిది నుంచి మధ్యాహ్నం దాకా ఎక్కువ, గాలి మళ్ళాక మధ్యస్థం, సాయంత్రం గాలి చల్లబడి నిలిచిపోతే పైకి లేచింది కిందకి దిగుతుంది కాబట్టి మళ్ళీ కాస్త జాగ్రత్త. ఇలా రాసి మర్నాడు మీ డైరీ మార్కుతో సరిచూసుకోండి, తప్పిన రోజుల పక్కన ఎందుకు తప్పిందో ఒక ముక్క రాయండి, నాలుగు నెలలు అయ్యేసరికి మీ వీధి విషయంలో ఏ యాప్ కంటే మీరే బాగా చెప్తారు.

నాలుగో ప్రశ్న చిన్నది కాదు. ఏప్రిల్ మేల్లో, మళ్ళీ అక్టోబరులో, గాలివాన ముందు దుమ్ము రేగి చల్లటి గాలి కొడుతుందే, ఆ వేళ ఆస్తమా వాళ్ళు బయట ఉండకూడదు. తేమకి పుప్పొడి గింజలు పగిలి చిన్న చిన్న తునకలవుతాయి, గింజ అయితే ముక్కులో ఆగుతుంది గానీ తునక ఊపిరితిత్తుల లోపలికి పోతుంది, ఆ గాలి వాటిని నేల దగ్గరకి తోస్తుంది. 2016 నవంబరు 21న ఆస్ట్రేలియా మెల్‌బోర్న్‌లో ఇలాంటి ఒక్క గాలివానకి వేలమంది ఊపిరాడక ఆసుపత్రులకి వెళ్ళారు, పదిమంది చనిపోయారు. చల్లగాలి బాగుందని పిల్లలు మేడెక్కుతారు, ఆస్తమా ఉన్న పిల్లల్ని మాత్రం లోపలికి పిలిచి కిటికీలు వేసి గాలివాన పూర్తిగా తగ్గాక తియ్యండి, ఇన్‌హేలర్ చేతికందేట్టు ఉంచండి.

ఎక్కువ అని తేలిన రోజు ఏం చెయ్యాలి

వాకింగు పొద్దున్న మానేసి సముద్రం గాలి తిరిగాక పెట్టుకోండి. బండి మీద వెళ్తే మాస్కు, కళ్ళజోడు. బట్టలు మేడ మీద ఆరేయొద్దు. ఇంటికి రాగానే మొహం, కళ్ళు, ముక్కు కడుక్కుని, తలస్నానం చేసి పడుకుంటే దిండు పాడవదు. ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే డాక్టరు రాసిస్తే అది తుమ్మొచ్చిన రోజు మాత్రమే కొట్టేది కాదు, రోజూ వాడితే కొన్ని రోజులకి గాని పూర్తిగా పట్టదు, అందుకే మీ డైరీలో సీజన్ ఎప్పుడు మొదలవుతుందో తేలితే దానికి రెండు వారాల ముందే వెళ్ళి అడగండి, క్యాలెండర్ వల్ల అసలు లాభం ఇక్కడే ఉంది.

వయ్యారిభామని పూత రాకముందే, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు వేర్లతో పీకెయ్యాలి, చేతులకి గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా ఉండాలి, ఒంటికి తగిలితే దద్దుర్లు వస్తాయి, అలర్జీ ఉన్న మనిషి మాత్రం ఆ పనికి అసలు దిగకూడదు. పైరు లేని ఖాళీ జాగా అయితే లీటరు నీళ్ళకి 200 గ్రాముల ఉప్పు కలిపి లేత మొక్కల మీద కొట్టొచ్చు. పూసిన తరవాత పీకితే దులిపి మరీ పీల్చినట్టు అవుతుంది, అప్పటికి ఆలస్యమైపోతే ఆ మడి వచ్చే జూలైకి రాసి పెట్టుకుని వీధిలో వాళ్ళతో ముందే మాట్లాడుకోండి.

ఏడాది డైరీ పూర్తయ్యాక దాన్ని పట్టుకుని అలర్జీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. చర్మం మీద చుక్కలు వేసి గుచ్చి చూసే టెస్టు చేస్తారు, దానికి ముందు సిట్రిజన్ లాంటి మాత్రలు కొన్ని రోజులు ఆపాలి, ఎన్ని రోజులన్నది వాళ్ళే చెప్తారు, ఆస్తమా ఇన్‌హేలర్ మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. టెస్టులో ఎర్రగా పొంగినవన్నీ మీకు బాధ పెట్టేవి కాకపోవచ్చు, ఏ నెలలో, ఏ పూతకి, ఏ గాలికి మీ మార్కు పెరిగిందో డైరీలో ఉంటుంది కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే డాక్టరుకి అసలు దోషి ఏదో పట్టుకోవటం తేలికవుతుంది.